ట్రయల్ చూడని పన్ను

"నొప్పి ఉండటానికి వీల్లేదమ్మా," అన్నాడు పళ్ళ డాక్టరు. ఇవాళ కూర్చోబెట్టినప్పట్నుంచీ ఈ మాట అనడం ముచ్చటగా మూడోసారి.

కుర్చీలో వెల్లకిలా పడుకుని నోరు బార్లా తెరిచిన మనిషి ఏం జవాబు చెబుతుంది? అందుకే కాబోలు, ఈ పళ్ళ డాక్టర్లు అనదలుచుకున్నవన్నీ సరిగ్గా అప్పుడే అంటారు. కానీ ట్రయలమ్మ ఊరుకునే రకం కాదు. నోట్లో ఉన్న అద్దప్పుల్లని తన చేత్తోనే పక్కకి నెట్టి లేచి కూర్చుంది.

"ఉంది," అంది.

"పంట్లో నరమే లేదండీ. నా చేత్తో నేనే తీశాను. ఇదిగో ఎక్స్‌రే, ఎంత శుభ్రంగా ఉందో చూడండి. లేని నరం ఎలా నొప్పెడుతుంది?"

"ఆ సంగతి దాన్నే అడగండి బాబూ. నన్నడిగితే ఉందనే చెప్తాను."

రూట్ కెనాల్ చేయించుకుని, పైన క్యాప్ పెట్టించుకుని మూడు నెలలయింది. కింది దవడలో కుడివైపు, కోరపన్ను పక్కన ఉంటుందే, ఆ పన్ను. అంతకుముందు పోటు వచ్చిందంటే గోడకేసి తల కొట్టుకోవాలనిపించేది. ఆ పోటు పోయిన మాట నిజమే, అబద్ధం ఆడకూడదు. కాకపోతే దాని స్థానంలో ఇంకొకటి వచ్చి కూర్చుంది. పొద్దున లేచేసరికి ఉండదు. మధ్యాహ్నానికి నెమ్మదిగా సలుపు మొదలవుతుంది. సాయంత్రం ఏదైనా కొరికితే జివ్వుమని చెవి దాకా లాగుతుంది. డాక్టరు మొదటిసారి "వారం చూడండి" అన్నాడు. రెండోసారి "నెల చూడండి" అన్నాడు. ఇక చూడటానికి ఏమీ మిగల్లేదు కాబట్టి, మూడోసారి అసలు నొప్పే లేదు పొమ్మన్నాడు!

"మీకింత ఇబ్బందిగా ఉంటే తీసేద్దాం. శుక్రవారం ఖాళీ ఉంది, పావుగంట పని," అంటూ కాగితం మీద ఏదో రాసి చేతికిచ్చాడు. కుర్ర డాక్టరు, చెడ్డవాడేం కాదు. చెయ్యి కూడా తేలిక. కాకపోతే మనిషి ముఖం కంటే మనిషి ఫొటోని ఎక్కువ నమ్ముతాడు.

ట్రయలమ్మ కాగితం మడిచి చేతిసంచిలో కుక్కుకుని, మెట్లు దిగింది. ఆ మెట్ల కిందే ఆవిడ కుట్టుకొట్టు. రెండు మిషన్లు, ఒక కత్తిరించే బల్ల, నిలువెత్తు అద్దం, ఇస్త్రీపెట్టె. ముప్ఫై ఏళ్ళుగా ఆ కొట్లో ఒకటే శాసనం: ట్రయల్ చూడనిదే గుడ్డ గడప దాటదు. తొడుక్కుని అద్దం ముందు నిలబడితే చాలదు. వంగాలి, కూర్చోవాలి, చేతులు పైకెత్తాలి, నువ్వు చేసే పని ఏదో అది చేసి చూపించాలి. కండక్టరయితే టిక్కెట్లు చింపాలి, టీచరయితే బోర్డు మీద రాయాలి. విసుక్కునేవాళ్ళు విసుక్కున్నారు, పేరు పెట్టేవాళ్ళు పేరు పెట్టారు. ట్రయలమ్మ అనే పేరు అలా వచ్చిందే. సొంత పేరు రేషను కార్డు తీస్తే తప్ప ఇంట్లోవాళ్ళకే గుర్తురాదు.

ఇంటికెళ్ళగానే ఆ కాగితం మొగుడి చేతికిచ్చింది. ఆయన రిటైరయిన బస్సు డ్రైవరు. రోడ్డు మీద ఎవరికీ దారివ్వలేదు గానీ, ఇంట్లో మాత్రం ఎప్పుడూ పక్కకి తప్పుకునే మనిషి. కళ్ళజోడు పెట్టుకుని గొంతు సవరించుకుని చదివాడు.

"నొప్పికి కారణం కనపడలేదు. మానసికం కావచ్చు. పన్ను తీయుటకు సలహా ఇవ్వడమైనది."

"మళ్ళీ చదవండి."

మళ్ళీ చదివాడు.

"నొప్పి మనసులో ఉంటే పన్నెందుకండీ పీకడం?" అంది ట్రయలమ్మ. "పన్నుతో పాటు మనసు కూడా ఊడొస్తుందా?"

"నాకేం తెలుసు? చదువుకున్నవాడు రాశాడు. పీకించేసుకుంటే పీడ విరగడవుతుంది కదా."

బల్లకి అటు పక్క కూర్చుని ఆయనగారి అక్క రొట్టెముక్కని టీలో ముంచుతోంది. కొట్లో గుండీలు కుట్టడం, కాజాలు తీయడం ఆవిడ పని. అందుకని అందరికీ కాజాల వదిన. రొట్టెముక్క పూర్తిగా మెత్తబడి గ్లాసులో పడిపోయే వేళకి బయటికి తీసి, ఎడంవైపు బుగ్గలో పెట్టుకుని మింగింది. ఒక చెయ్యి ఎప్పుడూ చెంప మీదే ఉంటుంది. కుట్టేటప్పుడు తప్ప ఆ చెయ్యి అక్కణ్ణుంచి కదలదు. అది ఆవిడ అలవాటని అందరూ అనుకుంటారు.

"నా మాట విను మరదలా," అంది కాజాల వదిన. "నేను నాలుగు పీకించాను. ఒకటి కాదు రెండు కాదు, నాలుగు! ఏమైంది? బతికి బట్టకట్టలేదా? పీకించెయ్, గొడవొదిలిపోతుంది."

"నీ నాలుగూ నీ ఇష్టం వదినా. నా ఒక్కటీ నా ఇష్టం."

"మొండిఘటానివే నువ్వు! తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటావు."

"నా కుందేటి కాళ్ళు తర్వాత లెక్కపెడుదువుగాని," అని ట్రయలమ్మ చెయ్యి బల్ల మీద కొట్టింది. గ్లాసులో టీ తొణికింది. "నా కొట్టుకి ఎవరో ఒకరొచ్చి, చంకలో పట్టేస్తోందమ్మా అంటారు. రోజూ అంటారు. నేనేం చేస్తాను? టేపులో సరిగ్గానే ఉంది, నీకు పట్టేయట్లేదు పొమ్మంటానా? అంతగా పట్టేస్తే చెయ్యి కోయించుకోమంటానా? కుట్టు విప్పుతాను. మళ్ళీ వేస్తాను. మళ్ళీ తొడిగి చూస్తాను. గుడ్డముక్కకే ఇంత మర్యాద ఉంటే, నా ఒంట్లో పుట్టిన పన్నుకి ఉండక్కర్లేదా? ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోమంటారేం అందరూ కలిసి!"

మొగుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

"అయితే శుక్రవారం వెళ్ళవా?" అన్నాడు.

"వెళ్ళను."

"మరి నొప్పి?"

వెళ్ళనని చెప్పడం తేలికే. నొప్పిని ఏం చేయాలో ఆవిడకీ తెలియదు. పంటి బిగువున ఇంకెన్నాళ్ళు భరిస్తుంది? అసలు డాక్టరు అన్నదే నిజమేమో, వయసు మీద పడి తనకే మతిపోతోందేమోనని ఒక్క క్షణం భయం కూడా వేసింది. అందుకే మరీ కోపం వచ్చింది. ఒంట్లో నొప్పి ఉండగా, అది లేదని నలుగురూ అంటుంటే, ఆ నొప్పి కంటే ఆ మాటే ఎక్కువ బాధపెడుతుంది.

బుధవారం మధ్యాహ్నం, క్లినిక్కుకి విరామం ఇచ్చే వేళ, డాక్టరే కొట్లోకి దిగి వచ్చాడు. కొత్త తెల్లకోటు కుట్టమని పదిరోజుల కింద గుడ్డ ఇచ్చాడు. ఆ రోజు ట్రయల్.

ట్రయలమ్మ కోటు అందించింది గానీ మాట అందించలేదు. అతను తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. భుజాలు సరిగ్గా కూర్చున్నాయి, చేతులు మణికట్టు దగ్గర ఆగాయి. పెళ్ళికొడుకులా ఉన్నాడు.

"బ్రహ్మాండంగా ఉందండీ. తీసుకెళ్ళిపోతాను," అన్నాడు.

"ఎక్కడికి? నిలబడి ఫొటో దిగుతారా అందులో? పని చేసి చూపించండి. వదినా, నువ్వా స్టూలు మీద కూర్చో. నోరు తెరు."

"నేనా? నా నోరెందుకే?" అంటూనే కాజాల వదిన కూర్చుంది. నోరు మాత్రం తెరవలేదు. డాక్టరు నవ్వుకుంటూ ఆవిడ మీదికి వంగాడు, కుడి మోచెయ్యి పైకెత్తాడు. అంతే, ముఖం చిట్లించాడు.

"ఇక్కడండీ. వెనకాల, భుజం కింద. చెయ్యెత్తితే పట్టేస్తోంది."

ట్రయలమ్మ మెడలో వేలాడే టేపు తీసింది. అతన్ని నిటారుగా నిలబెట్టింది. చేతులు కిందికి దింపించింది. ఈ భుజం నుంచి ఆ భుజం దాకా కొలిచింది, చంక చుట్టూ కొలిచింది, పుస్తకంలో రాసుకున్న అంకెలతో సరిచూసింది.

"టేపులో సరిగ్గా ఉంది," అంది. "పట్టేయడానికి వీల్లేదు బాబూ."

"కానీ పట్టేస్తోందండీ."

"ఇదిగో కొలత. అంగుళం కూడా తేడా లేదు. లేని బిగుతు ఎలా పట్టేస్తుంది?"

"ఇప్పుడు కాదండీ, వంగినప్పుడు. చెయ్యెత్తినప్పుడు. నిలబెట్టి కొలిస్తే ఎలా తెలుస్తుంది?"

"మానసికం కావచ్చు," అంది ట్రయలమ్మ, కాగితం మీద చదువుతున్నట్టు. "చెయ్యి తీయుటకు సలహా ఇవ్వడమైనది. శుక్రవారం ఖాళీ ఉంది. పావుగంట పని."

కాజాల వదిన స్టూలు మీద ఊగిపోతూ నవ్వింది. డాక్టరు ముఖం ఎర్రబడింది.

అసలు దెబ్బ తగిలింది డాక్టరుకి కాదు, ట్రయలమ్మకే. నిలబెట్టి కొలిస్తే ఎలా తెలుస్తుందని అతనన్న మాట చెవిలో పడగానే, ఆవిడ చేతిలో టేపు ఆగిపోయింది. పంటి మీద క్యాప్ పెట్టిన రోజు కళ్ళముందుకొచ్చింది. స్కూలు యూనిఫాంలు నలభై జతలు మర్నాటికి ఇవ్వాలి. ఇంజెక్షన్ వేసి దవడ మొద్దుబార్చారు, పెదవి ఎక్కడుందో కూడా తెలియలేదు. వెల్లకిలా పడుకోబెట్టి, ఎక్కడ ఎత్తు తగిలితే అక్కడ రంగంటే నీలం కాగితం పళ్ళ మధ్య పెట్టి, "కొరకండమ్మా, సరిగ్గా ఉందా?" అన్నాడు. నోటికి తెలిస్తే కదా చెప్పడానికి! మనసంతా కాలర్ల మీద ఉంది. ఆఁ ఆఁ అని తలూపి, దిగి వచ్చేసింది. తర్వాత వెళ్ళిన మూడుసార్లూ ఎక్స్‌రే తీశాడే తప్ప కాగితం మళ్ళీ పెట్టలేదు. తనూ అడగలేదు. ఊళ్ళో అందరినీ వంచీ లేపీ ట్రయల్ చూసే మనిషి, తన నోటికి ట్రయల్ చూసుకోకుండా గడప దాటేసింది!

"నా బుద్ధి గడ్డితింది," అంది పైకే.

"ఏమైందండీ?"

"కోటు విప్పండి. భుజంలో కుట్టు వదులుతాను, మళ్ళీ ట్రయల్‌కి వస్తే చూసి ఇస్తాను. ముందు మనం పైకి పోదాం పదండి. మీరు నాకు క్యాప్ పెట్టిన రోజు పడుకోబెట్టి చూశారు. మొద్దుబారిన నోటితో చూశారు. నేను పడుకుని తింటానా? పడుకుని బట్టలు కుడతానా?"

డాక్టరు కోటు సగం విప్పి ఆగిపోయాడు. "అప్పుడే చెప్పొచ్చు కదండీ," అన్నాడు మెల్లగా.

"మీరు అడగొచ్చు కదా బాబూ. సరే, చెరిసగం. పదండి."

పైకెళ్ళాక కుర్చీ వీపుని వెనక్కి వాల్చబోతే వద్దంది. నిటారుగా కూర్చుని, మిషను ముందు కూర్చున్నట్టే తల ముందుకి వంచింది. డాక్టరు కింద మోకాళ్ళ మీద కూర్చుని నీలం కాగితం పళ్ళ మధ్య పెట్టాడు.

"కొరకండి. ఊఁ. పక్కకి కదపండి." అద్దం పెట్టి చూశాడు. "కొంచెం అంటిందండీ. మరీ ఎక్కువేం లేదు."

"ఆగండి, నా పని చెయ్యనివ్వండి." మరో కాగితం అడిగి పెట్టించుకుని, కింది దవడని ముందుకి తోసి, తల ఓ పక్కకి తిప్పి టక్కున కొరికింది.

"అదేంటండీ, అలా కొరికారు?"

"దారం తెంపేది ఇలాగే. ముందు పళ్ళకి సందుంది, జారిపోతుంది. అందుకని పక్క పన్నుతో తెంపుతాను."

"ఆ పన్నుతోనా? రోజుకెన్నిసార్లు?"

"ఊపిరెన్నిసార్లు తీస్తారో లెక్కపెట్టుకుంటారా మీరు?"

"నేను మొదట్లోనే అడిగాను కదండీ, గట్టివేమైనా కొరుకుతారా అని! లేదన్నారు."

"దారం గట్టిదా?" అంది ట్రయలమ్మ. ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. ముప్ఫై ఏళ్ళలో దారం కొరకడం కొరకడమని ఆవిడకి తోచనే లేదు.

డాక్టరు నోట్లోకి చూశాడు. క్యాప్ చివర, బయటివైపు, సిరా పోసినట్టు ముదురు నీలం మచ్చ. మిగతా పళ్ళ మీద ఆ రంగు జాడే లేదు. చాలాసేపు చూసి, అద్దం ఆవిడ చేతికిచ్చి ఆవిడకీ చూపించాడు.

"లోపల నరం లేదన్న మాట నిజమేనండీ," అన్నాడు. "కానీ పన్ను చుట్టూ ఎముకకి పట్టి ఉంచే పొర ఒకటుంది. అది బతికే ఉంది. మీరు దారం తెంపిన ప్రతిసారీ ఈ ఎత్తు ముందు తగిలి దాన్ని నలిపేస్తోంది. అది ఎక్స్‌రేలో కనపడాలని లేదు."

"అంటే నొప్పి ఉందన్నమాట."

"ఉందండీ."

ఆ ఒక్కమాటకి ట్రయలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఛీ, ఇదేం ఏడుపు అని తనని తనే తిట్టుకుంది. మూడు నెలల నొప్పికి రాని కన్నీళ్ళు ఇప్పుడు వచ్చాయేమిటో!

డాక్టరు ఎత్తు అరగదీశాడు. ఒకసారి అరగదీయడం, కాగితం పెట్టి ట్రయల్ చూడటం, మళ్ళీ అరగదీయడం. నాలుగుసార్లు చూశాక గానీ ఆవిడ తలూపలేదు.

"దారం ఇంక పళ్ళతో తెంపకూడదు. రెండు మూడు వారాలు చూద్దాం. తగ్గకపోతే లోపల నరం ఉన్న ఇంకో వేరుదారి ఏమైనా మిగిలిపోయిందేమో, మళ్ళీ తెరిచి చూస్తాను. తీయడం..."

"అన్నీ అయ్యాక ఆఖరున. అది కూడా నేనంటేనే," అంది ట్రయలమ్మ, చేతిసంచిలోంచి మడతలు పడ్డ కాగితం తీసి బల్ల మీద పరుస్తూ. "కత్తెర వాడకపోవడం నా తప్పు, ఒప్పుకుంటున్నాను. ఇవాళే ఒకటి మెడకి కట్టుకుంటాను. మరి ఈ మానసికం మీ తప్పు. కొట్టేయండి."

అతను కొట్టేశాడు. పైన ఏం రాయాలో తోచక కలం పట్టుకుని ఆగాడు.

"నొప్పి ఉంది అని రాయండి. కింద సంతకం పెట్టండి."

రాశాడు. పెట్టాడు.

మూడు వారాలు గడిచాయి. చిన్న కత్తెర టేపుతో పాటు మెడలో వేలాడుతోంది. అలవాటు చొప్పున దారం నోటి దాకా వెళ్ళడం, తనని తనే కసురుకోవడం రోజుకి వందసార్లు జరుగుతోంది. నొప్పి పూర్తిగా పోయిందా అంటే పోలేదు. అయితే చెవి దాకా లాగడం ఆగింది. రొట్టె కుడివైపే నమిలి, మొగుడి ముందు కావాలని చప్పుడు చేసి మరీ తింటోంది.

"పీకించి ఉంటే ఈపాటికి మర్చిపోయేదానివి," అన్నాడాయన, ఊరికే కవ్వించడానికి.

"మిమ్మల్నీ చాలాసార్లు మార్చమన్నారు మావాళ్ళు. మార్చానా?" అని కొట్టుకి బయల్దేరింది.

కొట్లో కాజాల వదిన చొక్కా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ చేతిలో సూది కదలడం లేదు. చెయ్యి చెంప మీద ఉంది.

"మరదలా," అంది తల ఎత్తకుండానే. "ఆ కాగితం మీద, నొప్పి ఉందని రాశాడన్నావు. నిజంగా రాశాడా?"

"రాశాడు. సంతకం కూడా పెట్టాడు. ఏం?"

వదిన సూదిని చొక్కాకే గుచ్చి పక్కన పెట్టింది.

"నేను మొదటిది పీకించినప్పుడు నొప్పి పోలేదే," అంది. "అప్పటి డాక్టరుకి వెళ్ళి చెబితే, పక్కదై ఉంటుందన్నారు. అదీ పీకారు. పోలేదు. ఇంకోటి పీకారు. నాలుగోది పీకాక మళ్ళీ వెళ్తే, నీకు నొప్పంటే సరదాగా ఉన్నట్టుందే అని నవ్వారు. ఇక చెప్పడం మానేశాను. ఇంట్లో కూడా పోయిందనే చెప్పాను. పదకొండేళ్ళయింది."

ట్రయలమ్మ మిషను ముందు కూర్చుని వదిన వైపు తిరిగింది. పదకొండేళ్ళుగా ఒకే బల్ల దగ్గర తింటున్నారు. టీలో నానిన ఆ రొట్టె, ఆ చెంప మీద చెయ్యి, అన్నీ రోజూ తన కళ్ళముందే ఉన్నాయి. ఊళ్ళోవాళ్ళ చంకల్లో బిగుతు కనిపెట్టే కళ్ళు, పక్కనే కూర్చున్న మనిషి ముఖం మీదికి ఒక్కసారీ పోలేదు.

"మరి నన్ను పీకించుకో పీకించుకో అని చంపావెందుకు?"

"నీకైనా పోతుందేమోనని."

ట్రయలమ్మ మిషను మీద గుడ్డ అలాగే వదిలేసి లేచింది. వదిన చెయ్యి పట్టుకుని లేపింది. కొట్టు తలుపు దగ్గరగా లాగి, మెట్లెక్కించింది. సగం మెట్ల మీద వదిన ఆగిపోయింది.

"వద్దులేవే. మళ్ళీ నవ్వుతారు."

"నవ్వనీ చూద్దాం. రెండో ట్రయల్‌కి రాలేదుగా, కోటు ఇంకా నా దగ్గరే ఉంది."

పైన డాక్టరు పాత కోటులోనే ఉన్నాడు. వీళ్ళని చూసి లేచి నిలబడి, కొత్త కాగితం ఒకటి లాక్కుని, ఎక్స్‌రే గది వైపు చెయ్యి చూపించాడు. "రండమ్మా, ముందు ఒక ఫొటో తీద్దాం."

"ఫొటో తర్వాత," అంది ట్రయలమ్మ. కుర్చీ వీపు నిటారుగా ఎత్తి వదినని అందులో కూర్చోబెట్టింది, తను పక్కన నిలబడింది. "ముందు ఆవిడ చెప్పేది రాసుకోండి బాబూ. పదకొండేళ్ళది, కాస్త ఎక్కువ కాగితాలు పెట్టుకోండి."